తుడిచేసిన వెలుగు

"ఉఫ్" అని ఊదాడతను.

ఎవరి మీదో కాదు, తొమ్మిదో నంబరు డోలు మీద. అరవై ఏళ్ళు చేతుల కింద నలిగి, పదకొండేళ్ళుగా అద్దాల బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్న డోలు మీద. వేడి పాలు చల్లార్చుకునేవాడిలా బుగ్గలు పూరించి మరీ ఊదాడు.

గది అవతలి చివరి నుంచి వచ్చిన కేకకి అతని చేతిలోని కెమెరా మూత జారిపడి, దొర్లుకుంటూ వెళ్ళి బల్ల కింద దాక్కుంది. దానికి బుద్ధుంది.

"ఏం చేస్తున్నారండీ?"

"దుమ్ము..."

"దుమ్ము సంగతి అడగలేదు, మీ సంగతి అడుగుతున్నాను. నోటి ఆవిరి తోలుకి తగిలితే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

అక్కడే ఆమెకి ఒళ్ళు మండింది. తిడుతున్నప్పుడు మనిషన్నవాడు మొహం చిన్నబుచ్చుకోవాలి, కాకపోతే ఎదురు తిట్టాలి. అంతేగాని జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడానికి సిద్ధపడకూడదు.

"చెమ్మ పడుతుంది. తోలు సాగుతుంది. బూజు వస్తుంది. చాలా, ఇంకా చెప్పాలా?"

"ఎంత చెమ్మకి సాగుతుందండీ?"

ఆమె ఉద్యోగం వాద్యాల మ్యూజియంలో పాత వాద్యాలను కాపాడడం. వాయించడం కాదు, బాగుచెయ్యడం అంతకన్నా కాదు. ఇవాళ ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉండేలా చూడడం. చూసేవాళ్ళకి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది, చేసేవాళ్ళకి నడుం విరుగుతుంది. ఇంటిపని లాంటిదన్నమాట. వచ్చేపోయే వాళ్ళతో "ముట్టుకోవద్దండీ" అని రోజంతా చెప్పీ చెప్పీ ఆమె పేరే 'ముట్టుకోవద్దు మేడమ్' అయిపోయింది. టీ తెచ్చే ఆయన కూడా కప్పు బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి గానీ నోరు విప్పడు.

అతను ఊరి చివర గుట్ట మీదున్న అబ్జర్వేటరీలో పనిచేస్తాడు. కొత్త ప్రదర్శనకి నక్షత్రాల బొమ్మలు కావాలని మ్యూజియం డైరెక్టర్ గారు కబురు చేస్తే వచ్చాడు. ఎవరో ఒకరు పరిచయం చేసేలోపే ఊదేశాడు.

"ఆకాశాన్ని ఫోటోలు తీస్తారటగా. అక్కడ కూడా ఇలాగే ఊదుతారా?"

"లెన్సు మీద ఊదుతామండీ, రబ్బరు బుడ్డితో. ఇవాళ మర్చిపోయి వచ్చాను. సారీ." ఒక్క క్షణం ఆగి, "ఎంత చెమ్మకి సాగుతుందో మీరు చెప్పలేదు" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను రాసుకున్నాడు. ఈ ఉద్యోగంలో చేరిన ఐదేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇతనేనని ఆమెకి ఆ సాయంత్రం బస్సులో తట్టింది. తట్టినందుకు తన మీద తనకే విసుగేసింది.

*

ప్రదర్శన ఆలోచన డైరెక్టర్ గారిది. ఒక్కో వాద్యం పక్కన ఒక్కో ఆకాశం బొమ్మ. వయొలిన్ మెడ చివరి చుట్టకి సుడి తిరిగిన గెలాక్సీ. వేణువు చిల్లులకి సూర్యుడి మీది నల్లమచ్చలు. వీటికి వంక పెట్టడానికేం లేదు. చిక్కంతా తొమ్మిదో నంబరు దగ్గర వచ్చింది.

"డోలు గుండ్రం, చంద్రుడు గుండ్రం. ఇంక ఆలోచించేదేముంది?" అన్నారు డైరెక్టర్ గారు, ఆ మర్నాడు ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టుకుని.

"చంద్రుడు తెల్లగా ఉంటాడు కదా సార్. మన డోలేమో..."

"అదే చెప్పబోతున్నా. శుక్రవారం తోలు మార్పించేస్తున్నాం. కొత్తది, తెల్లటిది. పక్కన పెడితే చంద్రుడు, ప్రారంభం రోజు వాయిస్తే డోలు. ఒక్క దెబ్బకి రెండు పన్లు."

"మరి పాత తోలు?"

"దాంట్లో ఏముందమ్మా? మురికి."

"మురికి కాదు సార్. అది వాయించిన చేతులు. చెమట, నూనె, అరవై ఏళ్ళ రాపిడి."

"అయితే మురికికీ చరిత్రకీ తేడా ఏంటో నువ్వే చెప్పు."

"కార్డు సార్. పక్కన కార్డు రాసి పెడితే చరిత్ర, పెట్టకపోతే మురికి."

అబ్జర్వేటరీ అతను నవ్వేశాడు. డైరెక్టర్ గారు నవ్వలేదు. అతను నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు, అంత నమ్మకంగా కుదర్లేదు.

డైరెక్టర్ గారు చెడ్డమనిషి కాదు. కాకపోతే మ్యూజియంలో ఏ వస్తువు విలువైనా జనం దాని ముందు ఎన్ని నిమిషాలు నిలబడతారన్న దాన్నిబట్టే ఉంటుందని ఆయన సిద్ధాంతం. తొమ్మిదో నంబరు ముందు సగటున పదకొండు సెకన్లు నిలబడుతున్నారు. అందులో నాలుగు సెకన్లు చెప్పుల్లో రాయి తీసుకోవడానికి.

"సరే, ఒక పని చెయ్యి. ఆ మరకలకి జోడీ అయ్యే ఆకాశం ఒకటి వెతికి తీసుకురా. జనం ఆగి చూడాలి. తెస్తే తోలు జోలికి రాను. శుక్రవారం పొద్దున్న దాకా టైమిస్తున్నా."

ఆమె తలూపింది. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఆ డోలు ఆమె తాతయ్యది.

తాతయ్య పోయాక అమ్మమ్మే దాన్ని మ్యూజియానికి ఇచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఆ మాట చెబితే సిఫారసు అనుకుంటారని దాచింది, ఇప్పుడు చెబితే సెంటిమెంటు అనుకుంటారు. తాతయ్య గొంతు ఏ టేపులోనూ లేదు. ఉన్నవి మూడే ఫోటోలు, మూడింట్లోనూ చేతులు డోలు చాటున ఉండిపోయాయి. ఆ చేతులు మిగిలింది ఆ తోలు మీదే. శుక్రవారం తర్వాత అక్కడ కూడా ఉండవు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మమ్మైనా బాధపడుతుందనుకుంది.

"మార్పించెయ్యవే. కంపు తోలు. పీడా పోతుంది" అంది అమ్మమ్మ, పత్రిక లోంచి తలెత్తకుండా.

*

అబ్జర్వేటరీ అంటే పెద్ద గొట్టం, దాని చివర కన్ను ఆనించిన గడ్డం పండితుడు ఉంటారనుకుంది. అతని గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ఇనుప బీరువా, చెవి విరిగిన కప్పు ఉన్నాయి. బయట పట్టపగలు వాన.

"నక్షత్రాల ఉద్యోగమంటే రాత్రంతా మేలుకుంటారు కదా?"

"మేలుకునేది టెలిస్కోపండీ. నేను పొద్దున పదింటికొచ్చి, అది చూసిందాన్ని శుభ్రం చేస్తాను."

"అంటే లాండ్రీ."

"ఆకాశానికి. ఇస్త్రీ కూడా ఇక్కడే."

అంటూనే ఒక బొమ్మ తెరిచాడు. బూడిదరంగు పొగ తప్ప ఏం లేదు. ఏదో నొక్కాడు. పొగంతా పోయి నల్లటి ఆకాశంలో చుక్కలు గుప్పుమన్నాయి. తనకి తెలీకుండానే ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ పొగేంటి?"

"మన ఊరే. వీధి దీపాలూ షాపుల బోర్డులూ అన్నీ కలిసి ఆకాశం మీద పొరలా పరుచుకుంటాయి. పొడిగా, గిరిగీసినట్టు ఉన్నది నక్షత్రం. పల్చగా, అలికినట్టు ఉన్నది ఊరి వెలుగు. అలికినదాన్ని ముందు తుడిచేస్తాను."

"తుడిచింది ఎక్కడికి పోతుంది?"

అతను ఆలోచనలో పడ్డాడు. "పక్కనే ఇంకో ఫైల్లో పడుతుంది. దాన్ని ఎవరూ తెరవరు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా."

"మా దగ్గరైతే తుడిచిన గుడ్డ కూడా కవర్లో పెట్టి, తేదీ వేసి దాస్తాం."

"గుడ్డనా! ఎందుకు?"

"రేపెవరికైనా ఆ మరక కావాలంటేనో?"

అతను ఆమె వైపు చూసిన చూపులో వెటకారం లేదు. వింత నక్షత్రం కనబడితే ఇలాగే చూస్తాడేమో అనిపించి, ఆమె గబగబా తెర వైపు తిరిగింది.

మధ్యాహ్నానికి నూట నలభై బొమ్మలు చూశారు. వాటిల్లో దేనికీ సరైన పేర్లు లేవు, నంబర్లే. ఆమె పెట్టడం మొదలుపెట్టింది.

"ఇది ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయిన చీర."

"నిజానికది చనిపోయిన నక్షత్రం."

"చీర కూడా చనిపోయినట్టే. ఇది?"

"ఇంకా పుట్టని నక్షత్రాలు."

"చూస్తే దిండు చినిగి దూది బయటికొచ్చినట్టుంది. తర్వాత?"

ఏదీ డోలుకి జోడీ కాలేదు. ఆఖరికి అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నిజం చెప్పనా? మరకలు మరకలంటున్నారు గానీ నాకు ఆ తోలు మీద గోధుమరంగు తప్ప ఏం కనపడలేదు. మీ కళ్ళు వేరు. ఆకాశాన్ని ఎలా ఫోటో తీస్తానో దాన్నీ అలాగే తీస్తాను. అప్పుడు దేనికోసం వెతకాలో నాకూ తెలుస్తుంది."

"ముట్టుకోకుండా?"

"ఆకాశాన్ని ముట్టుకునే తీస్తున్నానా?"

కిందికి దిగే దారిలో వాన ఇంకా కురుస్తూనే ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. దాన్ని అతను కెమెరా సంచీకి పట్టాడు. ఇద్దరూ నిలువునా తడిసి బస్టాపు చేరారు.

"కెమెరా బాగుందా?" అంది ఆమె జడ పిండుకుంటూ.

"బాగుందండీ" అన్నాడు సంతోషంగా. అడిగింది వెటకారమని బస్సు కదిలాక తెలిసినట్టుంది, కిటికీలోంచి చూస్తే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

*

బుధవారం మ్యూజియంకి సెలవు. రెండు వైపులా కాక ఒకే వైపు రెండు చేతులతో వాయించే ఆ డోలుని బల్ల మీద తోలు పైకి ఉండేలా నిలబెట్టి, కెమెరాని దాని నెత్తి మీద బిగించాడు. ఆమె పని దీపం పట్టుకోవడం. ఒక్కో ఫోటోకి ఒక్కో అడుగు జరుగుతూ అరవై ఫోటోలకి డోలు చుట్టూ తిరిగింది.

"ఊపిరి బిగపట్టండి."

"మీరు ఊదినప్పుడు లేని ఊపిరి బాధ ఇప్పుడేంటి?"

"దీపం ఊగుతోందండీ."

ఇరవయ్యో ఫోటో దగ్గర ఆమెకొకటి కనిపించింది. వచ్చినప్పటినుంచీ అతను పని లేనప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టుకునే నిలబడుతున్నాడు. బడిలో శిక్ష పడ్డవాడిలా.

"చేతులెందుకలా?"

"అలవాటులో పొరపాటున తగులుతాయేమోనని."

ఆమె దీపం కాస్త కిందికి దించింది. ఎందుకు చెప్పాలనిపించిందో తెలీదు.

"ఇది మా తాతయ్యది. ఇక్కడ ఎవరికీ తెలీదు."

అతను కెమెరా లోంచి తలెత్తాడు. అయ్యో అనలేదు, ఓహో అనలేదు. "ఆయన కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?" అని అడిగాడు.

మిగిలిన నలభై ఫోటోలూ అయ్యేదాకా ఆమె తాతయ్య గురించి మాట్లాడుతూనే ఉంది. పెద్ద అరచేతులు, నవ్వితే కదిలే మీసం, డోలు తీసేముందు మెటికలు విరుచుకునే చప్పుడు. తాళం మాత్రం గడియారమనేవారట ఊళ్ళో. తప్పమన్నా తప్పేది కాదట.

*

గురువారం పదిన్నరకి డైరెక్టర్ గారు పిలిచారు. మనిషి మహా హుషారుగా ఉన్నారు.

"నీ చుక్కలబ్బాయి మొత్తానికి పనిమంతుడేనమ్మా. పొద్దున్నే పంపించేశాడు. రా, చూడు."

చూసింది. తోలు మీద ప్రతి రంధ్రమూ చుక్కలా మెరుస్తోంది. వేల చుక్కలు. అందంగా ఉంది. శుభ్రంగా ఉంది. ఒక్క మరక లేదు.

"ఏవమ్మా నీ చేతులు? అంత ఖరీదు కెమెరాకే కనపడలేదు. రేపు తొమ్మిదింటికి తోలతను వస్తున్నాడు, గది తాళాలు సిద్ధం చెయ్యి."

మెట్ల కిందికెళ్ళి ఫోన్ చేసింది.

"బాగా వచ్చిందా?" అన్నాడతను, ఎత్తీ ఎత్తగానే.

"వచ్చింది. చంద్రుడి కన్నా బాగా వచ్చింది. మా తాతయ్య ఎక్కడ?"

"అంటే?"

"నేను మిమ్మల్ని మరకలు తియ్యమన్నాను. మీరు తీసేశారు. ఒక్కటి మిగల్చకుండా! నాకు చూపించకుండా ఆయనకెందుకు పంపించారండీ? అంత తొందరేంటి?"

"మీకు శుక్రవారం గండముందని... రాత్రి నిద్రపోకుండా..."

"పడుకోవాల్సింది. హాయిగా పడుకోవాల్సింది మీరు. మురికంటే ఆయనకి అసహ్యం, మీకు తుడిచే అలవాటు. అంతే తేడా."

 "ఊరి దీపాలు" అని అవతల గొణిగాడు. ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాడు! ఆమె ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయింది. టీ ఆయన రెండడుగులు కాదు, నాలుగడుగులు వెనక్కి వేశాడు.

*

సాయంత్రం ఆరింటికి ఇంటి తలుపు చప్పుడైంది. అమ్మమ్మ తీసింది. చంకలో పొడుగాటి కాగితం చుట్టతో, దువ్వని తలతో ఒక కుర్రాడు.

"ఏం కావాలి బాబూ?"

"తప్పు చేశానండీ. చెప్పుకోవడానికొచ్చాను."

"మా ఇంట్లో చేశావా, బయటెక్కడైనా చేశావా?"

"మ్యూజియంలో అండీ."

"అయితే దానితో చెప్పుకో. లోపలికి రా, చెప్పులు విడిచి" అని, లోపలికి కేకేసింది. "ఏమే, ఎవరో తప్పు చేసినాయన వచ్చాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు!"

ఆమె వచ్చింది, కూర్చోమనలేదు. అతను కూర్చోలేదు. బల్ల మీద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు.

"పల్చగా అలికినట్టున్నది ఏదైనా నా చెయ్యి దానంతటది తుడిచేస్తుంది. ఎనిమిదేళ్ళ అలవాటు. నూనె ఇంకిన చోటల్లా దీపానికి మెరిసింది, మీ తాతగారిని ఊరి వెలుగనుకుని తుడిచేశాను." గొంతు సవరించుకున్నాడు. "తుడిచింది పక్క ఫైల్లో ఉంటుందని చెప్పాను కదా. ఇవాళ మొదటిసారి తెరిచాను."

కాగితం మీద చుక్కల్లేవు. చీకటిలో రెండు వెలుగులు, పెద్దవి, పక్కపక్కన. మధ్యలో వత్తుగా, అంచుల్లో పొగలా విచ్చుకుపోతూ. ఎక్కడ అరచెయ్యి ఆనిందో, ఎక్కడ వేళ్ళు జారాయో అన్నీ వెలుగే. పదకొండేళ్ళ తర్వాత తాతయ్య చేతులు.

ఆమె కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. అతనే జరిపాడు.

"ఇంకొకటుంది" అని రెండో కాగితం తీశాడు. "ఇది ఆకాశం. రెండు గెలాక్సీలు. ఈ జంటని ఇప్పటికి నలభై సార్లు శుభ్రం చేశాను. నలభై సార్లూ వీటి మధ్యలో ఉన్న ఈ పల్చటి వారధిని తుడిచేశాను. ఇవాళ ఆ నలభై ఫైళ్ళూ తెరిచి చూశాను. ఊరి వెలుగు రోజుకో తీరుగా ఉంటుంది. ఇది నలభై రోజులూ ఒక్కచోటే ఉంది. ఊరిది కాదు, వాటిదే."

రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏది తోలో, ఏది ఆకాశమో పోల్చుకోవడం కష్టం. ఆమె కోపాన్ని వెతుక్కుంది. ఎక్కడ పెట్టిందో దొరకలేదు.

"ఇది మాత్రం నాకు తెలీలేదు" అని డోలు బొమ్మ పై అంచున వేలు పెట్టబోయి, ఆపేసి, పెన్సిలుతో చూపించాడు. "మూడో మరక. చిన్నది. వేళ్ళు ఇటు తిరిగి ఉన్నాయి. అంటే ఆయనకి ఎదురుగా ఎవరో కూర్చున్నారు. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి."

"ఎవరూ కూర్చోలేదు. తాతయ్య డోలుని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"మీ చెయ్యి పెట్టి చూడండి. కాగితమే కదా."

పెట్టింది. సరిపోయింది. చిటికెన వేలి దగ్గర ఆ వెలుగు కొంచెం లోపలికి వంగి ఉంది. ఆమె చిటికెన వేలూ అంతే, లోపలికి వంకర. ఆ వంకర ఆ ఇంట్లో ఇద్దరికే ఉంది.

వంటింట్లో ఏదో గిన్నె పడింది.

"అమ్మమ్మా!"

"పాలు చూస్తున్నానే."

"పాలు పొద్దున్నే కాచావు. ఇలా రా."

అమ్మమ్మ వచ్చింది. కాగితం వంక చూడకుండా కిటికీ వంక చూస్తూ నిలబడింది.

"నీదేనా?"

"ఏమో. చీకట్లో ఎవరి చెయ్యో."

"అమ్మమ్మా."

"అబ్బబ్బ, నాదే. ఏం, కొట్టకూడదా? కట్టుకున్న మొగుడి డోలు!" అంటూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ తాతయ్యకి తాళం నిలిచేది కాదే. చెయ్యి బంగారం, వేగం వచ్చిందంటే మాత్రం పరుగే పరుగు. పెళ్ళైన నెలకే కనిపెట్టాను. రోజూ సాధనకి ఎదురుగా కూర్చుని, ఆయన పరిగెత్తినప్పుడల్లా అంచు మీద ఇలా రెండు కొట్టేదాన్ని. ఆగేవారు. కచేరీకెళ్ళేసరికి నా రెండు దెబ్బలూ ఆయన చెవిలో ఉండేవి."

"ఊళ్ళో గడియారం అనేవారు..."

"కీ ఇచ్చేది నేను."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే? ఆయనకి తాళం రాదని పదిమందికీ తెలిస్తే ఎవడు పిలుస్తాడు? అందుకే ఆ తోలు మార్పించెయ్యవే అన్నాను. నీ కళ్ళు మామూలువి కావు. ఎప్పుడో ఒకనాడు నా చెయ్యి పట్టేస్తావని భయం."

ఆమె అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "రేపు ఈ బొమ్మ గోడకెక్కితే అందరికీ తెలిసిపోతుంది. వద్దంటే చెప్పు, ఇప్పుడే చింపేస్తాను. తోలు పోతే పోనీ."

 నాలుగు రోజులుగా దేని కోసం పోరాడుతోందో దాన్నే ఇచ్చేస్తోంది. అతను కాగితం దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అమ్మమ్మ మొదటిసారి కాగితం వైపు చూసింది. పెద్ద వెలుగుల్ని చూసింది, అంచున తన చిన్న వెలుగుని చూసింది. చీర చెంగు ముక్కు దాకా వెళ్ళి వచ్చింది.

"పెట్టించు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఏ వెధవా కచేరీ క్యాన్సిల్ చెయ్యలేడు."

*

శుక్రవారం తొమ్మిదింటికి తోలతను సంచీతో సహా వచ్చి వరండాలో కూర్చున్నాడు. డైరెక్టర్ గారి బల్ల మీద రెండు కాగితాలు.

"ఏది డోలు, ఏది ఆకాశం, చెప్పండి సార్" అందామె.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది డోలు" అన్నారు, గెలాక్సీల మీద వేలు పెట్టి.

ఇద్దరూ ఆయన వేలి వంకే చూశారు.

"కాదా? అయితే ఇది... ఆగండి, చెప్పకండి." ఇంకా దగ్గరికి వంగారు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. అబ్జర్వేటరీ అతను ఆమె వైపు చూసి, వేళ్ళతో నాలుగు చూపించాడు. నాలుగు నిమిషాలైందని.

"ఈ మూడో చెయ్యి ఎవరిది?" అన్నారు చివరికి.

ఆమె అంతా చెప్పింది, తన చుట్టరికంతో సహా. ఆయన విని, వరండాలోకి వెళ్ళి తోలతనికి టీ ఇప్పించి పంపించేశారు. చంద్రుణ్ణి కంచు తాళాల పక్కకి మార్చారు. "చంద్రుడు ఎక్కడైనా సర్దుకుంటాడమ్మా" అన్నారు, తన ఇంట్లో మనిషి గురించి చెబుతున్నట్టు.

ప్రారంభం రోజు జనం తొమ్మిదో నంబరు దగ్గర గుంపు కట్టారు. ఆలూమగలు పోట్లాడుకుంటూ పందేలు వేసుకున్నారు, ఇది తోలంటే కాదు ఇదే తోలని. అమ్మమ్మ మంచి చీర కట్టుకుని, ఆ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చిటికెన వేలు చూపించింది.

వాళ్ళిద్దరూ గుమ్మం పక్కన నిలబడ్డారు. బయట సన్నగా చినుకులు.

"నాకో పాడు అలవాటుంది" అన్నాడతను. "ఒకటి మళ్ళీ మళ్ళీ ఒకేచోట కనిపిస్తే అది నిజమని నమ్ముతాను."

"తెలుసు. నలభై సార్లు."

"ఈమధ్య ఏం చూస్తున్నా, ఏం తుడుస్తున్నా, మీరు ఒకేచోట కనిపిస్తున్నారు. పోవట్లేదు."

ఆమె చినుకుల వైపు చూస్తూ ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, సిగ్గుకి వాటిని ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేరు కదా.

"ఇప్పటికి ఎన్నిసార్లయింది?"

"ముప్ఫై ఏడు."

"లెక్క పూర్తవకుండా నమ్మేస్తే ఎలాగండీ? శాస్త్రం ఒప్పుకోదు."

"అందుకే తొందరపడట్లేదు" అన్నాడు దిగాలుగా.

"మిగతా మూడూ మా ఇంట్లో చూసుకోండి. ఆదివారం రండి." ఇలా అని, అతను ఏదో అనేలోపు జనంలోకి నడిచి వెళ్ళిపోయింది, "వెనక్కి జరగండీ, అద్దం మీద చేతులు వెయ్యొద్దు" అంటూ.

*

ఆదివారం వచ్చాడు. ఈసారి తల దువ్వుకున్నాడు. అమ్మమ్మ ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, ఉద్యోగమూ జీతమూ ఇంట్లో వాళ్ళూ ఏమీ అడగలేదు.

"బల్ల మీద తాళం వెయ్యి" అంది.

"నాకు రాదండీ."

"నాలుగు లెక్కపెట్టడం రాకుండానే నక్షత్రాలు లెక్కపెడుతున్నావా? వెయ్యి."

అతను అరచెయ్యి బల్ల మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బాగానే మొదలైంది. రెండు ఆవర్తాలయ్యేసరికి ఆమె లోపలినుంచి టీ పట్టుకుని వచ్చింది. అతను అటు చూశాడు. అంతే, తాళం పరుగందుకుంది. మూడు నాలుగు ఒకదాని మీదొకటి పడ్డాయి.

అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో రామా. ఈయనకీ అదే జబ్బు!"

అతను చెయ్యి ఆపబోయాడు. "ఆపకు" అంది అమ్మమ్మ. మనవరాలి వైపు తిరిగింది. "ఏమే, నించుని చూస్తావేం? అరవై ఏళ్ళు కష్టపడ్డదాన్ని, నేను రిటైరయ్యాను."

ఆమె టీ కప్పు కింద పెట్టింది. అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను పరిగెడుతూనే ఉన్నాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఎక్కడ ఆగాలో తెలీక.

బల్ల అంచు మీద ఆమె రెండు దెబ్బలు కొట్టింది.